నూకల ఓడ

"ఆఫ్రికా ఎట్టుంటాది మావా?"
జువ్వలదిన్నె రేవులో చినిగిన వల ఒళ్ళో పెట్టుకొని
మాలకొండయ్య కొడుకు అడిగినాడు.

చీర చూళ్ళేదబ్బయా, అంచు చూసినా.
నలభై ఒక్క రోజులు.
అదీ ఓడ వంటగది కిటికీలోంచి.
పళ్ళెమంత గుండ్రటి అద్దం,
లోపలి పక్క ఆవిరి, బయటి పక్క ఉప్పు.
మోచేత్తో తుడిస్తే
అందులో పట్టినంత ఆఫ్రికా.

కృష్ణపట్నంలో ఎక్కించింది నూకలు.
బుచ్చి మిల్లుల్లో జల్లెడ కిందికి జారినవి,
మనం కోళ్ళకేసేవి, జ్వరమొస్తే జావ కాచేవి.
ఇరవై వేల టన్నులు.
ఇన్ని నూకల మీద పడుకునేవాడికి
ఆయుష్షు కేమి కొదవని
ఇంజను గదిలో సింగరాయకొండ జోజిబాబు నవ్వేవాడు.

డర్బన్‌లో చమురు పోసుకున్నాం, దిగనీలేదు.
కొండ మీద ఒక ఇల్లు.
దండెం మీద ఎర్ర దుప్పటి.
పొద్దున ఆరేసింది చీకటి పడ్డా తియ్యలేదు,
తెల్లారీ తియ్యలేదు.
ఓడ కదిలినాక కూడా
నాకు ఆ దుప్పటి మీదే ధ్యాస.

ఖండం కొనకొచ్చేసరికి
డేగిసాలకు కాళ్ళొచ్చినాయి. పప్పు గోడెక్కింది.
కెప్టెన్‌తో సహా ఎవరికీ ముద్ద దిగలేదు.
నేను తిన్నా.
ఖాళీ పడవే ముందు బోర్లపడతాదని
తుఫాను నాడు మాయమ్మ కుక్కి కుక్కి పెట్టేది.

ఆ పైన ఉత్తరంగా తిరిగితే ఇసక.
మన తుమ్మలపెంట ఇసక గాదు,
దాని వెనక సరుగుడు తోపు లేదు,
చెంబు పట్టుకొని పొయ్యే మనిషి లేడు.
పొగమంచు దిగి మూడు రోజులు
ఓడ తన కూత తానే విన్నది.

గినియా వైపు మళ్ళగానే దీపాలార్పినారు.
కమ్మీల చుట్టూ ముళ్ళకంచె.
దొంగలొస్తారు, చప్పుడు చెయ్యొద్దు అన్నారు.
నడిజామున మోటారు పడవ మోత.
అందరం ఇంజను గదిలో తలుపులేసుకొని...
ఇంక నాకు నూకలు చెల్లినాయి అనుకున్నా,
కాళ్ళ కింద ఇరవై వేల టన్నులుండగా!

తెల్లారి చూస్తే నలుగురు చేపలోళ్ళు.
పడవ ముక్కుకు రెండు కళ్ళు రాసినారు,
ఒక కన్నులో రంగు కారిపోయింది.
ఒకడు మోరంత చేపను ఎత్తి చూపించినాడు.
మూడు వేళ్ళు. నేను ఒకటి.
వాడు చేపను పడవలో పడేసి
అట్టా మొగం తిప్పుకున్నాడు చూడూ,
అచ్చం మన పోలమ్మత్త!
చివరికి రెండు బకెట్ల బియ్యం, గంపెడు ఎర్రగడ్డలు తాడు కట్టి దించా.
ఆ రోజు పులుసుకు
వాసన పట్టుకొని చీఫ్ ఇంజనీరే దిగొచ్చినాడు.

కోటోనూలో పదకొండు రోజులు దించినారు.
బస్తా పగిలిన చోటల్లా చీపుళ్ళతో ఆడోళ్ళు.
కాపలావోడు ఈలేస్తే పరుగు,
వాడటు తిరిగితే మళ్ళా వంగడం.
వీపున బిడ్డను కట్టుకున్న ఒకామె
సిమెంటు దుమ్ములోంచి నూకలూడ్చి
రేకు పళ్ళెంలో చెరుగుతా ఉండాది.
మణికట్టు దగ్గర ఆ చిన్న విసురు
నేను చిన్నప్పుడు చూసిందే.
మాయమ్మ కూడా గోదాముల కాడ ఊడ్చింది.
ఈ సంగతి మీ అత్తకు గూడా చెప్పలేదు.

మెట్ల నిచ్చెన చివరి దాకా దిగినా.
ఒక కాలు ఇనుము మీద, ఒక కాలు ఆఫ్రికా మీద.
వంటగది బియ్యం సగం బస్తా ఆమె ముందు పెట్టా.
ఆమె బస్తా చూసింది, నన్ను చూసింది,
ఒక మాట అన్నది.
ఒక్కటే మాట.
పైకొచ్చి అగ్గిపెట్టె మీద రాసుకుందామంటే
గొంతు లోపల ఎక్కడో విరిగే ఆ పలుక్కు
మన అక్షరాల్లో చోటు దొరకలేదు.

దండమో తిట్టో తెలవదు అబ్బయా.
సగం బస్తా ఇచ్చినోడికి
సగం సగం రెండూ రావాల గదా.

ఆ దారం ఇట్టియ్యి.
నువ్వేసిన ముడి జారిపోతా ఉండాది.